డ్రగ్స్ గురించి పిల్లలకు వీడియో వేస్తున్నారా? ఎక్కడ ఆపాలో ముందు చూసుకోండి

డ్రగ్స్ మీద క్లాసు ఇలా ఉండాలి: వీడియో 5 నిమిషాలు, దాన్ని ఆపి పిల్లలతో మాట్లాడేది 25 నిమిషాలు, సాధన 10 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్‌లో మిగిలిన ఆ 5 నిమిషాలూ హాజరుకీ, స్పీకరు వైరు వెతుక్కోవడానికీ పోతాయి. మన దగ్గర ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. డ్రగ్స్ వ్యతిరేక దినం జూన్ 26 రాగానే 300 మందిని హాల్లో కూర్చోబెట్టి 25 నిమిషాల లఘుచిత్రం వేస్తారు. తర్వాత అతిథి ప్రసంగం, ప్రతిజ్ఞ, గ్రూప్ ఫొటో, బిస్కెట్ ప్యాకెట్. ఫొటో మటుకు బాగానే వస్తుంది.

మొదటి చిక్కు భయపెట్టే వీడియోలతోనే. సిరంజి, నోట్లో నురగ, ఐసీయూ బెడ్డు, గుండెలు బాదుకునే తల్లి, వెనక వయొలిన్. పదో తరగతి కుర్రాడు ఇది చూసి హడలిపోతాడని మన అంచనా. కానీ వాడికి తెలిసిన గంజాయి మనిషి వీధి చివర రోజూ ఆటో నడుపుకుంటూ నిక్షేపంగా కనిపిస్తుంటాడు. ‘ఒక్కసారి ముట్టుకుంటే బతుకు బుగ్గి’ అని వీడియో అంటుంది, కళ్లెదుట ఉన్నవాడు అలా లేడు. ఇక ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా అబద్ధాల ఖాతాలోకే వెళ్తాయి.

నిజమే చెప్పండి, అదేమీ తక్కువ బలమైనది కాదు. గంజాయి ఎప్పుడైనా వాడినవాళ్లలో సుమారు 9 శాతం మంది దానికి బానిసలవుతారు. టీనేజీలో మొదలుపెట్టినవాళ్లను మాత్రమే తీసుకుంటే ఆ లెక్క దాదాపు ఆరుగురిలో ఒకరికి పెరుగుతుంది. ఎందుకంటే ‘ఆగు, ఆలోచించు’ అని చెప్పే మెదడు ముందు భాగం సుమారు 25 ఏళ్ల దాకా ఇంకా తయారవుతూనే ఉంటుంది. శాతాలు పిల్లల తలకెక్కవు. ముగ్గురేసి కూర్చునే బెంచీలు రెండు లెక్కపెట్టుకోమనండి, చాలు.

భయం పనిచేయకపోవడానికి రుజువు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. సినిమాకు ముందు వచ్చే పొగాకు ప్రకటనల డైలాగులు మన పిల్లలకు కంఠతా వచ్చు. హాస్టల్ గదుల్లో వాటిని మిమిక్రీ చేస్తారు, మీమ్స్‌లో వాడతారు. సిగరెట్ వెలిగించేవాడు కూడా నవ్వుతూ అదే డైలాగు కొడతాడు.

అమెరికా అనుభవం ఇంకా గట్టిది. 1998 నుంచి 2004 దాకా అక్కడి ప్రభుత్వం టీనేజర్ల కోసం డ్రగ్స్ వ్యతిరేక ప్రకటనల మీద దాదాపు 100 కోట్ల డాలర్లు పోసింది. తర్వాత మదింపు చేసిన పరిశోధకులకు వాడకం తగ్గినట్టు ఆధారం దొరకలేదు. పైగా ప్రకటనలు ఎక్కువ చూసిన పిల్లల్లో గంజాయి పట్ల మెతకదనం పెరిగిన జాడలు కొన్ని కనిపించాయి. దానికి వాళ్లు ఊహించిన కారణాల్లో ఒకటి మన టీచర్లందరూ వినాల్సింది: ఇన్ని ప్రకటనలు వేస్తున్నారంటే అందరూ వాడుతున్నారన్నమాట, నేనొక్కడినే వెనకబడ్డాను అని పిల్లలు అనుకోవడం.

అందుకే వీడియో ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది చూసిన పిల్లవాడికి ‘అందరూ చేస్తున్నారు’ అనిపిస్తుందా అని. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఆ దృశ్యాలు ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటాయి, కానీ క్లాసుకు పనికిరావు. పిల్లలకు దక్కేది ‘ఇంత సరుకుందా’ అన్న ఆశ్చర్యమే. దాని బదులు 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన జాతీయ సర్వే అంకె బోర్డు మీద రాయండి: 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో గంజాయి రకాలు, భంగుతో సహా, అంతకుముందు ఏడాదిలో వాడినవాళ్లు 2.8 శాతం. అంటే నూటికి 97 మంది జోలికి పోలేదు. 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో అది 0.9 శాతమే. క్లాసులో సగం మంది ఈ అంకె నమ్మరు. ఆ నమ్మకపోవడం మీదే పది నిమిషాలు మాట్లాడొచ్చు.

ఎంచుకున్న వీడియోను ముందుగా రెండుసార్లు చూడండి, రెండోసారి సౌండు పూర్తిగా తీసేసి. మాట ఏం చెప్పినా బొమ్మ ఏం చెబుతోందో అప్పుడు తెలుస్తుంది. స్లో మోషన్‌లో పొగ వదిలే హీరో, నియాన్ లైట్ల పార్టీ, చుట్టడం, పొడి గీతలు గీయడం కనిపిస్తే ఆ వీడియో వదిలేయండి, లేదా ఆ ముక్క కోసేయండి. చేతులు ఏం చేస్తున్నాయో దగ్గరగా చూపించే ఏ షాటైనా పాఠం కింద లెక్క. ముఖ్యంగా ఆవిరి పీల్చే మత్తుల విషయంలో. మన జాతీయ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే, పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. అవి స్టేషనరీ షాపులోనూ ఇంటి అలమరలోనూ దొరికే వస్తువులు. డబ్బా పేరు, బ్రాండు, గుడ్డ చూపించే వీడియో తెలియనివాడికి దారి చెప్పినట్టే. ‘ఇవి విషం, గుండె ఒక్కసారిగా లయ తప్పి మొదటిసారికే ఆగిపోవచ్చు’ అన్న వాక్యం చాలు.

ఇక పరికరాల గొడవ. క్లాసులోని డిజిటల్ ప్యానెల్‌లో యూట్యూబ్ నేరుగా తెరవొద్దు. మధ్యలో నెట్ పోతుంది, లేదా వీడియో అయిన మరుక్షణం పక్కన సూచనల్లో గంజాయి కామెడీ బిట్టు వస్తుంది, పిల్లలకు ఆ రోజు గుర్తుండేది అదే. తయారుచేసినవాళ్ల అనుమతితో ఫైలు తెచ్చుకుని ఎంపీ4 రూపంలో, 720పీలో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. 5 నిమిషాల వీడియో 100 ఎంబీ దాటనక్కర్లేదు. అవసరం లేని ముక్క కోసేటప్పుడు ఒక జాగ్రత్త: రీఎన్‌కోడ్ చేయకుండా, అంటే వీడియోను మళ్లీ కొత్తగా తయారుచేయకుండా, చటుక్కున కత్తిరించే యాప్‌లు మీరు చెప్పినచోట కాక, కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ దాచిన ఫ్రేము) ఉన్నచోటే కోస్తాయి. మీరు తీసేయాలనుకున్న షాటులో రెండు మూడు సెకన్లు మిగిలిపోయి తెరమీద కనిపిస్తాయి. కోశాక మొదలూ చివరా మళ్లీ చూడండి. తెలుగు సబ్‌టైటిల్స్ విడి ఫైలుగా పెడితే చాలా ప్యానెళ్లలో అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. వీడియోలోనే కలిపి ముద్రించేయడం మేలు. ప్యానెల్ సొంత స్పీకరు సీలింగ్ ఫ్యాన్ల కింద నాలుగో బెంచీ దాటదు. ఒక మామూలు బ్లూటూత్ స్పీకరు వెనక గోడ దగ్గర పెడితే సరిపోతుంది, చార్జింగ్ మాత్రం ముందురోజే చూసుకోవాలి.

ఇప్పుడు క్లాసు. తొమ్మిది, పదీ, ఇంటర్ పిల్లలకు పనికొచ్చే సన్నివేశం ఒకటి ఊహించుకోండి. హాస్టల్ డాబా, ముగ్గురు స్నేహితులు, ఒకడు జేబులోంచి ఏదో తీస్తాడు. ఏమిటన్నది తెర మీద కనిపించకూడదు. ‘ఒక్క దమ్ము రా, ఏం కాదు, నేను లేనా’ అంటాడు. ఇక్కడ ఆపండి. ఎదుటివాడు ఏమన్నాడో చూపించొద్దు, మిగిలిన వీడియో తర్వాత. తెర నల్లగా చేయండి, లేకపోతే పిల్లల కళ్లు దానిమీదే ఉంటాయి.

‘వీడు ఏం చేయాలి?’ అని అడిగితే అందరూ ‘నో చెప్పాలి సార్’ అని ఏకకంఠంగా అంటారు. అది జవాబు కాదు, మీకోసం అన్న మాట. ‘వీడి కడుపులో ఇప్పుడు ఏమవుతోంది?’ అని అడగండి. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత వస్తాయి: సిగ్గుగా ఉంటుంది, పిరికివాడంటారని ఉంటుంది, గ్రూపులోంచి తీసేస్తారని ఉంటుంది, ఎలా ఉంటుందో చూద్దామనీ ఉంటుంది. ఆ చివరిదాన్ని కూడా బోర్డు మీద రాయండి, కసరొద్దు. దాన్ని కసిరితే క్లాసు అక్కడితో అయిపోయింది.

తర్వాత మాటలు తయారుచేయించండి, వాళ్ల భాషలోనే. ‘వద్దు మామా, పొద్దున్నే ప్రాక్టీసుంది.’ ‘మా నాన్న వాసన పట్టేస్తాడు బావా, నువ్వు కానీ.’ ‘నాకు పడదు రా, కిందికి పోయి టీ తాగుదాం పద.’ స్నేహం తెగకుండా పని జరిగే మాటలే పిల్లలు నిజంగా వాడతారు. ‘మాదకద్రవ్యాలు ఆరోగ్యానికి హానికరం మిత్రమా’ అని డాబా మీద ఎవరూ అనరు. ఒక్కొక్కరు తమ వాక్యం ఒకటి నోట్‌బుక్‌లో రాసుకుని పక్కవాడితో మూడుసార్లు పైకి అనాలి. మూడుసార్లెందుకంటే అడిగేవాడు ఒకసారితో ఊరుకోడు. మొదటి ‘వద్దు’ తేలిక, జారిపోయేది రెండో మూడో దగ్గర.

ఇందులో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇచ్చేవాడి పాత్ర పిల్లలకు ఇస్తారు. క్లాసులో చలాకీ కుర్రాడు ఆ పాత్ర ఎగబడి తీసుకుంటాడు, హీరోలా చేస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. వద్దన్నవాడు బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. 10 నిమిషాల్లో మీరు నేర్పింది ఎలా ఒప్పించాలో. ఇచ్చేవాడి మాటలు టీచరే అనాలి, లేదా వీడియోలోని ఆ 8 సెకన్లు మళ్లీ మళ్లీ వేయాలి. పిల్లలది ఎప్పుడూ కాదనే పాత్రే. చివర్లో మిగిలిన వీడియో వేసి, తెరమీద కుర్రాడి జవాబు బాగుందా, మనది బాగుందా అని అడగండి. మనదే బాగుంటుంది, దాదాపు ఎప్పుడూ.

ఏడో తరగతి లోపు పిల్లలకు డ్రగ్స్ వీడియోలు అసలు వద్దు. గుట్కా, సిగరెట్, డాక్టరు రాయని మాత్ర, ఎవరో ఇచ్చిన చాక్లెట్ దాకా చాలు.

ఇతర దేశాల వీడియోలు తెచ్చి డబ్బింగ్ చెప్పేవాళ్లున్నారు. అందులో హెరాయిన్ సూదులూ, న్యూయార్క్ సందులూ ఉంటాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో పిల్లవాడు చూసే మత్తు కల్లు సీసాలో ఉంటుంది. ఈతచెట్టు కల్లు కాదు, ఆల్‌ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపిన కల్తీ కల్లు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో దానివల్లే జనం చనిపోయారు. ఈ రకం మత్తులో ఒక మెలిక ఉంది, చాలా వీడియోలు దాన్ని తప్పుగా చెబుతాయి. ‘ఈ రోజే మానేయండి’ అంటాయి. రోజూ తాగేవాడు నిద్రమాత్రల రకం మత్తునో, విపరీతంగా తాగే సారానో ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పిచ్చిగా మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు కూడా. దుకాణాలు మూయించినప్పుడల్లా ఎర్రగడ్డ ఆసుపత్రికీ జిల్లా ఆసుపత్రులకూ జనం పరుగెత్తేది ఇందుకే. వీడియో చూసి ఇంటికెళ్లి తాత కల్లు సీసా పారబోసే పిల్లలుంటారు. ఆపడం డాక్టరు చేతుల మీదుగా, ఆయన ఇచ్చే మందుల మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ జరగాలని వాళ్లకు చెప్పి పంపాలి.

విశాఖ, అల్లూరి సీతారామరాజు జిల్లాల ఏజెన్సీ అంచున ఉన్న కాలేజీల్లోనైతే వాడకం కంటే గంజాయి మోయడం పెద్ద ప్రమాదం. ‘ఈ బ్యాగు హైదరాబాద్‌లో ఒకరికి ఇచ్చెయ్, టికెట్ మేమే పెడతాం’ అనే సన్నివేశం ఉన్న వీడియో అక్కడ కావాలి. చట్టం అంకెలతో సహా చెప్పాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం గంజాయి ఒక కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక కిలోకీ 20 కిలోలకూ మధ్య 10 ఏళ్ల దాకా. 20 కిలోలు దాటితే కనీసం 10, గరిష్ఠంగా 20 ఏళ్లు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా, బెయిలు దొరకడం మహా కష్టం. ‘బ్యాగులో ఏముందో నాకు తెలియదు’ అన్నంత మాత్రాన వదలరు, తెలియదని రుజువు చేసుకునే భారం మోసినవాడి మీదే పడుతుంది. 18 నిండనివాళ్లతో మోయించినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఇది పిల్లలకు తెలియదు, తెలిస్తే ఇచ్చేవాడిని బెదిరించడానికి వాడుకుంటారు.

ఏడాదికి ఒక్క వీడియోకే సమయముంటే, అది పడిపోయిన స్నేహితుణ్ని ఎలా కాపాడాలో చూపించేది కావాలి. మత్తులో స్పృహ తప్పినవాణ్ని వెల్లకిలా వదిలేస్తే వాంతి గొంతుకు అడ్డంపడి ఊపిరాడక పోతాడు. ఊపిరి ఉంటే పక్కకు, వీలైతే ఎడమవైపు తిప్పాలి, పైనున్న కాలు మోకాలి దగ్గర మడవాలి, తల కొంచెం వెనక్కి, నోరు నేలవైపు ఉండాలి. 108కి ఫోన్ చేసి ఏం వాడాడో దాచకుండా చెప్పాలి. నిమ్మరసం, మజ్జిగ, చింతపండు పులుసు పోయడం మన దగ్గర రివాజు. స్పృహలో లేనివాడి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. మొహాన నీళ్లు కొట్టి గదిలో పెట్టి తలుపేసి ‘పొద్దునకు దిగిపోతుంది’ అనుకోవడం మరీ ఘోరం. దుప్పటి పరిచి ఇద్దరిద్దరు చొప్పున తిప్పడం చేయించండి. అమ్మాయిలకు అమ్మాయిలు, అబ్బాయిలకు అబ్బాయిలు.

వీడియో చివర్లో వచ్చే ఫోన్ నంబరు ఎప్పటిదో చూసుకోకుండా వేయొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో డ్రగ్స్‌ను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972, తెలంగాణలో కూడా విభాగం పేరు 2025 నుంచి ఈగలే, నంబరు మాత్రం 1908. విజయవాడలో తీసిన వీడియో ఖమ్మంలో వేస్తే పేరు సరిపోతుంది, నంబరు సరిపోదు. 1933 మానస్, మాదకద్రవ్యాల నియంత్రణ బ్యూరోది. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్యానిది. పేర్లు ఒకేలా ఉండి తికమక పెడతాయి. పిల్లవాడికి అసలు కావాల్సింది వ్యసనం మానడానికి సాయం చేసే 14446, ఇంట్లో కొడుతుంటే 1098. పోలీసు నంబరు ఒక్కటే తెరమీద వేస్తే, వాడకం మొదలుపెట్టిన పిల్లవాడు ఎవరికీ ఫోన్ చేయడు. అమ్మేవాడి సంగతి చెప్పే నంబర్లు ఒకవైపు, సాయం అడిగే నంబర్లు ఇంకోవైపు బోర్డు మీద రాసి రాసుకోమనండి.

ప్రశ్నలు చీటీల మీద తీసుకోవాలి. అందరికీ ఒకే సైజు కాగితం, అందరూ రాయాలి, ప్రశ్న లేనివాళ్లు ‘ప్రశ్న లేదు’ అని రాయాలి. కొందరే రాస్తే మిగిలినవాళ్లు ఎవరు రాస్తున్నారా అని చూస్తారు. అక్కడికక్కడే చదవొద్దు, ఇంటికి తీసుకెళ్లి చదివి మర్నాడు జవాబివ్వండి. ‘మా నాన్న రోజూ తాగి వస్తాడు, నేనేం చేయాలి’ లాంటి చీటీలు తప్పకుండా ఉంటాయి. తాగుబోతులను పురుగుల్లా చూపించే వీడియో వేసినరోజు ఆ పిల్లలు తలెత్తరు. ఎవరైనా విడిగా వచ్చి తన సంగతే చెప్పుకుంటే ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. ఎవరికి చెబుతారో, ఎందుకు చెబుతారో ముందే చెప్పండి. టీసీ ఇచ్చి పంపేయడం మాత్రం వద్దు, బడి పోయాక వాడికి మిగిలేది ఆ గుంపే. వాడిన నేరమో, కొద్ది మొత్తం దొరికిన నేరమో మీద కేసున్నవాడు కూడా గుర్తింపు ఉన్న చికిత్స కేంద్రానికి స్వచ్ఛందంగా వెళ్తే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. తల్లిదండ్రులకు ఈ విషయం చెబితే సగం భయం పోతుంది.

సొంతంగా వీడియో తీయించాలనుకుంటే ఊరి పీహెచ్‌సీ డాక్టరో ఏఎన్‌ఎమ్మో మీ యాసలోనే మాట్లాడితే ఏ హీరో చెప్పినదానికంటే బాగా వింటారు. ఫోను అడ్డంగా, కంటి ఎత్తులో, ఫ్యాను ఆపి, ఇయర్‌ఫోన్ మైకు కాలరుకు తగిలించి తీయండి. 3 నిమిషాలకు మించొద్దు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే బొమ్మ చెడుతుంది. కోలుకుంటున్న పిల్లల మొహాలు, గొంతులు పెట్టొద్దు. మొహం మసకచేసినా ఊళ్లో చెప్పులు, చొక్కా చూసి పట్టేస్తారు.

ఒక్క క్లాసుతో ఏమీ కాదు. డబ్ల్యూహెచ్‌ఓ, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో పనిచేసే కార్యక్రమాలు సాధారణంగా వారానికొకటి చొప్పున 10 నుంచి 15 క్లాసులవి, ఆ తర్వాతి ఏళ్లలో మళ్లీ గుర్తుచేసేవి. బడుల్లో, కాలేజీల్లో డ్రగ్స్ వ్యతిరేకంగా పెట్టిన మన ప్రహరీ క్లబ్బులకూ ఈగల్ క్లబ్బులకూ ఏడాదికి అన్ని దొరకడం కల్ల. నాలుగైనా పెట్టుకుని, నాలుగుసార్లూ వేరే సన్నివేశం తీసుకోండి.

పని జరుగుతోందో లేదో తేల్చడానికి చప్పట్లు చూడకండి. వీడియోకు ముందు ఒక చీటీ: ‘మన కాలేజీలో నూటికి ఎంతమంది గంజాయి వాడతారనుకుంటున్నావు?’ మూడు వారాల తర్వాత అదే ప్రశ్న, పేర్లు లేకుండా. సగటు తీయండి. అంకె పెరిగిందంటే పిల్లలకు ఎక్కింది ‘అందరూ వాడుతున్నారు’ అన్న మాటే. ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసి ఇంకోటి వెతకండి.